అత్తయ్య వెనక్కి వెళ్ళొద్దన్న ఆట

నాకు ఐదో నెల స్కానింగులో బిడ్డ మాయ కిందికి ఉందని తేలింది. బాత్రూముకి తప్ప మంచం దిగకూడదనీ, మెట్ల జోలికి అసలు పోకూడదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పటమటలో మా ఇంట్లో మా గది మేడమీద ఉండేది. అందుకని నా మకాం కింద హాల్లోకి మారింది. టీవీకి ఎదురుగా మంచం వేసి, అందేంత దూరంలో మంచినీళ్ళ సీసా, బిస్కెట్ల డబ్బా పెట్టి మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. అంతకు ముందే మామయ్యగారు ఆటోనగర్లో తన లారీ స్పేర్ పార్ట్సు షాపుకి బయలుదేరేవారు. ఇంట్లో నేనూ అత్తయ్యా మిగిలేవాళ్ళం.

అప్పటికి మా పెళ్ళయి ఏడాది దాటింది. మాది బందరుకి అవతల సముద్రం ఒడ్డు ఊరు, చేపల వ్యాపారం చేసే ఇల్లు. వాళ్ళది పామర్రు పక్కనుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి చేసుకున్న పెళ్ళి మాది. అత్తయ్య దానికి అడ్డు చెప్పలేదు. ఆ తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నాకు కష్టంగా ఉండింది అదే.

"కూర సరిపోయిందా అమ్మా?"

"సరిపోయిందండీ."

మా మధ్య రోజుకి ఇలాంటి మాటలు ఓ పది నడిచేవి. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నంత మర్యాదగా చూసుకునేవారు. నేను కూడా చుట్టంలాగే ఒద్దికగా ఉండేదాన్ని.

పడుకున్న నాలుగో రోజుకి పైకప్పు చూసి చూసి విసుగొచ్చి, మా పుట్టింట్లో అటక మీదున్న, టీవీకి తగిలించి ఆడుకునే నా గేమ్ కన్సోల్ తెచ్చిపెట్టమని మా ఆయన్ని అడిగాను. డిగ్రీ రోజుల నుంచీ నాకు ఆ పిచ్చి ఉంది. తుపాకులు పేల్చే ఆటలు కావు, కథ ఉండే ఆటలు. నవలలాగా పొడుగ్గా సాగుతాయి. మనం ఒక మనిషిగా ఆ లోకంలో తిరుగుతాం. దారిలో ఎవరెవరో కలుస్తారు, కొందరు మనతోపాటు బయలుదేరతారు. ఎవరైనా ఏదైనా అడిగితే మూడో నాలుగో జవాబులు తెరమీద కనిపిస్తాయి. అందులో ఒకటి మనమే ఎంచుకోవాలి. మనం అన్న మాటని బట్టి వాళ్ళు మనల్ని నమ్ముతారు, లేదా దూరమవుతారు. కథ అటో ఇటో తిరుగుతుంది.

అత్తయ్య చీరలకి ఫాల్స్ కుట్టేవారు. వెలుగు బాగుంటుందని హాల్లో కిటికీ పక్కన కూర్చునేవారు. నేను ఆడుతున్నది సినిమా అనుకుని రెండు రోజులు పట్టించుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఫోనులో మా అమ్మతో మాట్లాడుతూ ఆట అలాగే వదిలేశాను. ఫోను పెట్టేశాక అడిగారు.

"ఆ అమ్మాయేంటి, అలా నిలబడిపోయింది ఇందాకటి నుంచీ?"

"నేను జవాబు చెప్పేదాకా అలాగే నిలబడుద్దండీ."

"ఏం జవాబు?"

చెప్పాను. కోట తలుపు దగ్గర కాపలావాడు ఎవరు నువ్వు అని అడిగాడు. ఓడిపోయిన సైన్యంలో సిపాయి కూతురినని నిజం చెప్పొచ్చు. వర్తకురాలినని అబద్ధం చెప్పొచ్చు. కత్తి చూపించి బెదిరించొచ్చు.

"నిజం చెప్పు. భయమేంటి?" అన్నారు అత్తయ్య, సూదిలో దారం ఎక్కిస్తూ.

నిజం చెప్పాను. కాపలావాడు తన తమ్ముడు కూడా అదే యుద్ధంలో పోయాడని చెప్పి తలుపు తీశాడు. అత్తయ్య తలెత్తకుండా చీర అంచు వైపు చూసి నవ్వుకోవడం నాకు కనిపించింది.

మర్నాడు వంటిల్లు సర్దేసి ఒంటిగంటన్నరకే వచ్చి కూర్చున్నారు. "మొదట్నుంచీ చూపించు. నిన్న సగం అర్థం కాలా," అన్నారు. అంతకు ముందు ఆడిందంతా వదిలేసి కొత్తగా మొదలుపెట్టాను. కథానాయికకి పేరు పెట్టమని ఆట అడిగింది. అత్తయ్య చిన్నప్పుడు తనని ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పారు. అదేమిటో ఇక్కడ రాయను, ఆవిడ ఒప్పుకోలేదు. ఒకరోజు భోజనానికి వచ్చిన మామయ్యగారు తెరమీద ఆ పేరు ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివి, "దీనికి నీ పేరేంటే!" అని పొలమారేదాకా నవ్వారు.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. తెరమీద పడే ప్రతి మాటా నేను తెలుగులో చెప్పాలి. ఆ పని ఎంత కష్టమో మొదటి గంటలోనే తెలిసింది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే పిలుపు. తెలుగులో చెప్పాలంటే ఎవరు ఎవర్ని నువ్వు అంటారో, ఎవరు మీరు అంటారో ముందు తేలాలి. తేల్చేది అత్తయ్యే. "ఆ పెద్దాయన్ని నువ్వు అంటదా ఈ పిల్ల? తప్పు. మీరు అను." మా జట్టులో గొడ్డలి పట్టుకు తిరిగే మొరటు యోధుడొకడు ఉండేవాడు. చాలా రోజులు అతనూ మా అమ్మాయీ ఒకరినొకరు మీరు అనుకున్నారు. మంచు కొండల్లో ఆమె అతని ప్రాణం కాపాడాక, "ఇక నువ్వులోకి దిగొచ్చులే," అని అత్తయ్య అనుమతిచ్చారు. నేను రాజుగారి మాటలు మరీ మామూలుగా చెబితే ఒప్పుకునేవారు కాదు. "రాజు అలా మాట్లాడతాడా? బైబిల్లో రాజులు మాట్లాడినట్టు చెప్పు," అనేవారు. అప్పుడు నేను గొంతు పెంచి, "నా యెదుటనుండి తొలగిపొమ్ము," అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

మా జట్టులో ఒక దొంగ కూడా ఉన్నాడు. వాడంటే ఆవిడకి అభిమానం. సంతలో మా సంచే కొట్టేసి, పట్టుబడి, మాతో వచ్చేసినవాడు. సాయంత్రం అందరూ మంట చుట్టూ చేరినప్పుడు వంట వాడే చేసేవాడు. ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి తిన్నావా అని అడిగేవాడు. నోరు తెరిస్తే అబద్ధం, ఆ అబద్ధాల్లోనే ఎక్కడలేని హాస్యం. అత్తయ్య గట్టిగా నవ్వడం నేను మొదటిసారి విన్నది వాడి వల్లే.

ఎనిమిదో నెలలో కథ ముట్టడిలో ఉన్న ఊరికి చేరింది. శత్రువులు చుట్టూ మోహరించారు, ఊళ్ళో తిండి లేదు. గాదెలో దాచిన ధాన్యం బస్తాలు కొన్ని మాయమయ్యాయి. అమ్ముకున్నది మా దొంగే. ఆ సంగతి మా అమ్మాయికొక్కదానికే తెలుసు. న్యాయాధికారి ఆమెని పిలిచి, బస్తాలు పోయిన రోజు అతను నీతో ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడని చెబితే వాడు శిక్ష తప్పించుకుంటాడు.

అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది.

"ఆ గింజల్లేక ఎవరన్నా పోయారా?"

"ఇద్దరు ముసలాళ్ళు పోయారని ఇందాక ఒకాయన అన్నాడు కదండీ."

తెరమీద న్యాయాధికారి చాలాసేపు ఎదురుచూస్తూ నిలబడే ఉన్నాడు. చివరికి, "నిజమే చెప్పు," అన్నారు.

సంకెళ్ళు వేసి తీసుకెళ్తుంటే దొంగ వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వు చెప్తావనుకోలేదు," అన్నాడు. అంతే. అత్తయ్య చీర మడత పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది. నాకు భయమేసింది. ఏదో ఒకటి చేసి సరిదిద్దాలనిపించింది.

"అరగంట కిందట సేవ్ చేశానండీ. వెనక్కెళ్ళి వేరే జవాబు చెప్పొచ్చు. వాడికేం కాదు."

"వెనక్కంటే?"

"ఇప్పుడు జరిగింది జరగనట్టే. మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ చెప్పొచ్చు."

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "మరి ఇందాక నేనంతసేపు ఆలోచించింది ఏమైపోద్ది?"

నేను బటన్ మీంచి వేలు తీసేశాను.

"వద్దులే. చెప్పాం కదా. ముందుకే పోనీ," అన్నారు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం మంట దగ్గర వంట ఇంకెవరో చేశారు. కానుపుకి తొమ్మిది రోజుల ముందు ఆట పూర్తయింది. ఆపరేషన్ చేసి పాపని తీశారు. నేను మత్తులోంచి తేలేసరికి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తయ్య, "నీ పోలికేనే. ముక్కు మాత్రం మాది," అన్నారు. నన్ను ఆవిడ 'అమ్మా' అనకుండా 'ఏమే' అన్నట్టు పిలవడం అదే మొదలు. ఎంత బావుందో చెప్పలేను.

పాప పుట్టాక ఆటలకి తీరికెక్కడిది? కన్సోల్ టీవీ కింద దుమ్ము పట్టింది. ఒకసారి మా ఆయన దాన్ని శుభ్రం చేస్తానని మామయ్యగారి షాపుకి తీసుకెళ్ళి, లారీ ఫిల్టర్లకి గాలి కొట్టే కంప్రెసరుతో గాలి కొట్టాడు. దుమ్మంతా పోయింది. ఆట కూడా పోయింది. మళ్ళీ అది వెలగలేదు. అందులో దాచుకున్న మా కథ, మేం చేసినవన్నీ, దాంతోపాటే పోయాయి. ఈ సంగతి అత్తయ్యకి చెప్పడానికి నాకు వారం పట్టింది.

పాప యూకేజీలో చేరిన ఏడాది ఆ ఆటకి రెండో భాగం వచ్చింది. మా ఆయన పాపం అపరాధ భావంతో కొత్త కన్సోల్ కూడా తెచ్చాడు. అప్పటికి నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను, శనివారాలు సెలవు. ఒక శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఇద్దరం కూర్చున్నాం. పాత కథ దాచుకోని వాళ్ళ కోసం ఆట మొదట్లోనే కొన్ని ప్రశ్నలు అడిగింది. మొదటి భాగంలో మీరేం చేశారో చెప్పండి, దాన్నిబట్టి ఈ కథ నడుస్తుంది అని. నేను ప్రశ్న చదవడం, ఆవిడ చెప్పడం. సిపాయి ఉంగరం ఎవరికిచ్చాం? వాళ్ళ అక్కకి. కొండ మీది గుడి తగలబెట్టామా? లేదు, తలుపు విరగ్గొట్టాం. వంతెన దగ్గర పగవాణ్ణి వదిలేశామా? వదిలేశాం. ఒకచోట నేను తప్పు నొక్కబోతుంటే, "అది కాదే, నువ్వు చంపుదామన్నావు, నేను వద్దన్నాను," అని ఆపారు. నిజమే, నేను మర్చిపోయాను.

"ఇన్నేళ్ళూ ఎలా గుర్తున్నాయండీ?"

"ఎందుకు గుర్తుండవు? నేను చేసినవే కదా."

ఇలాంటి ఆటలకి తరువాయి భాగం వస్తుందంటే లోకమంతా ఎందుకంత ఎదురుచూస్తుందో నాకు ఆ రోజు కాస్త అర్థమైంది. సినిమా రెండో భాగంలో వాళ్ళ కథ ముందుకు నడుస్తుంది, మనం చూస్తాం. ఇందులో మనం ఎప్పుడో అన్న ఒక మాట ఎవరో గుర్తుపెట్టుకుని మన ఎదుటికొస్తారు. ఒక పల్లెటూళ్ళో ముసలమ్మ మా అమ్మాయిని ఆపి, "మా తమ్ముడి ఉంగరం తెచ్చిచ్చింది మీరే కదూ?" అన్నప్పుడు అత్తయ్య నా భుజం మీద కొట్టి, "చూశావా!" అన్నారు.

కానీ వారానికొక మధ్యాహ్నమే కదా. నాకు ఆత్రం ఆగలేదు. ఆదివారాలు నేను కూడా వాళ్ళతో చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. ఒక ఆదివారం పాపకి జలుబు చేస్తే, నేను ఇంట్లో చూసుకుంటానని ఉండిపోయాను. పాప మందేసుకుని నిద్రపోయింది. నేను వేరే సేవ్ పెట్టుకుని కథ ముందుకి ఆడాను. అక్కడ, ఒక రేవు దగ్గర, పడవ నడుపుతూ దొంగ కనిపించాడు. జైలు నుంచి బయటికొచ్చిన మనిషి. జుట్టు నెరిసింది. ఏం చెప్పినా మొహం తిప్పుకుంటున్నాడు. నేను వెనక్కి వెళ్ళి ఇంకో జవాబు చెప్పాను, మళ్ళీ వెళ్ళి ఇంకోటి చెప్పాను. మూడోసారికి వాడు మాతో రావడానికి ఒప్పుకున్నాడు. గెలిచినట్టే ఉంది. ఆ పూట చర్చిలో అత్తయ్య పాప జలుబు కోసం ప్రార్థన చేయించారని తర్వాత తెలిసింది.

తర్వాతి శనివారం పట్టుబడ్డాను. గుహలో రెండు దారులు వచ్చాయి. అత్తయ్య ఎడమవైపు అన్నారు. "అటొద్దండీ, అటేం లేదు," అనేశాను.

ఆవిడ చేతిలో చీర ఒళ్ళో పెట్టుకున్నారు. "నీకెలా తెలుసు?"

నేను తెరమీది రెండు దారుల వైపే చూశాను.

"ముందే ఆడేసుకున్నావా?"

"కొంచెమేనండీ. ఆదివారం."

"పాపకి బాలేదని ఉండిపోయిన ఆదివారమా?" అన్నారు. గొంతులో కోపం లేదు. చీర మడిచి, "అయితే నాతో కూర్చున్నట్టు కాదే ఇది. నన్ను కూర్చోబెట్టినట్టు," అని లేచి వెళ్ళిపోయారు.

ఆ వారమంతా ఇంట్లో పనులు మామూలుగానే జరిగాయి. రాత్రి భోజనం దగ్గర, "కూర సరిపోయిందా అమ్మా?" అని అడిగారు. నేను మళ్ళీ చుట్టాన్నయిపోయాను. తిట్టినా బావుండేది. మా ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థం కాక, పెరుగు వేసుకున్నాడు.

శుక్రవారం మా నాన్న ఊరి నుంచి రొయ్యలు పంపించాడు. వంటింట్లో నేల మీద కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. ఇంట్లో రొయ్యలొలవడం నా అంత తొందరగా ఎవరికీ రాదు. అత్తయ్య కూడా వచ్చి ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు తన ముందుకి లాక్కున్నారు. ఆవిడ మొహం చూస్తే చెప్పలేనని, రొయ్యల వైపే చూస్తూ చెప్పాను.

"తప్పేనండీ. ఆగలేకపోయాను. మూడుసార్లు వెనక్కెళ్ళి మరీ ఆడాను. దొంగని ఎలాగైనా మనతో తెచ్చుకోవాలని..."

అత్తయ్య చేతులు ఆగాయి. "ఎవర్నీ?"

నోరు జారానని అప్పుడు తెలిసింది.

"వాడున్నాడా? బతికే ఉన్నాడా?"

"ఉన్నాడండీ."

"ఏం చేస్తన్నాడు? ఎక్కడున్నా... వద్దు, చెప్పకు. ఒక్క ముక్క చెప్పావంటే ఊరుకోను. నోర్మూసుకో!" అని రొయ్యల చేత్తోనే నా నోటి మీద కొట్టబోయి ఆగి, ఫక్కున నవ్వేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఆ రాత్రి రొయ్యల కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, ఇద్దరం వేశాం.

మర్నాడు నా ఆదివారం సేవ్ ఆవిడ ఎదురుగానే తీసేశాను. ఎడమ దారిలోనే వెళ్ళాం. అక్కడ నిజంగానే ఏం లేదు. "ఏం లేదని మనకి తెలిసింది కదా," అన్నారు అత్తయ్య.

ఆ తర్వాత రెండు శనివారాలకి రేవు దగ్గరికి చేరాం. పడవ మీద మనిషి తాడు చుడుతూ తల తిప్పాడు. నేను చెప్పకముందే ఆవిడ గుర్తుపట్టారు. వాడి మొదటి మాట నేను తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో అది మామూలు పలకరింపే. నా నోటికి మాత్రం, "ఎక్కడిదాకా వెళ్ళాలి మీరు?" అని వచ్చింది. మీరు అన్న ఆ మాటకి అత్తయ్య చిన్నగా ఉలిక్కిపడ్డారు. కానీ దాన్ని దిద్దలేదు. "అంతేలే. అలాగే అంటాడు," అన్నారు.

నాలుగు జవాబులు వచ్చాయి. నేను చేసింది న్యాయమే అనొచ్చు. క్షమించమనొచ్చు. నీ సాయం లేకపోతే ఊరు మునిగిపోద్దని బతిమాలొచ్చు. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. వాడు మాతో రావాలంటే ఏది నొక్కాలో నాకు తెలుసు. పెదవులు బిగబట్టుకుని కూర్చున్నాను.

"నేను చెప్పింది నిజమే. దానికి క్షమించమని ఎలా అడగను?" అన్నారు అత్తయ్య, నాతోనో తనతోనో. "అలాగని న్యాయమే చేశానని వాడి మొహాన ఎలా అంటాను? అన్నేళ్ళు జైల్లో ఉన్నాడే. ఊరుకో. ఏం అనకు."

ఊరుకున్నాం. దొంగ కాసేపు చూసి, తెడ్డు తీసుకుని మమ్మల్ని అవతలి ఒడ్డుకి దాటించాడు. మాతో రాలేదు. మేం గట్టెక్కాక పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు, వెళ్తూ ఒకసారి చెయ్యెత్తాడు. నా ఆదివారం ఆటలో వాడు మాతో వచ్చి, జోకులేసి, మంట దగ్గర కూర్చున్నాడు. అయినా అది నాకు ఇంత గుర్తులేదు.

అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని, "బానే ఉన్నాడు. పనుంది, పడవుంది," అన్నారు.

ఆట చివరి ఘట్టానికి వచ్చిన శనివారం మామయ్యగారు భోజనానికి ఆలస్యంగా వచ్చారు. మేం కదలకపోయేసరికి తనే కంచం పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. శత్రువులు ఓడిపోయారు, రాజు చనిపోయాడు, పెద్దలంతా కిరీటం తెచ్చి మా అమ్మాయి ముందు పెట్టారు. తీసుకోవాలా, కాదని తన దారిన వెళ్ళిపోవాలా?

"ఈ పిల్లకెందుకిస్తన్నారు కిరీటం?" అన్నారు మామయ్యగారు.

అత్తయ్య నన్ను ఆట ఆపమని, ఆయన వైపు తిరిగి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. కోట తలుపు, మంచు కొండలు, గాదె, రేవు, అన్నీ. నేను చెప్పిన దానికన్నా బాగా చెప్పారు. ఎక్కడా 'ఆ అమ్మాయి' అనలేదు, అంతా 'నేను' అనే చెప్పారు. మామయ్యగారు ముందు ముద్దలు కలుపుకుంటూ విన్నారు. తర్వాత కలపడం మానేసి విన్నారు. చెయ్యి ఎండిపోయింది.

"తీసుకో మరి. అంత కష్టపడ్డాక రాజ్యం ఎవరన్నా వదులుకుంటారా?" అన్నారు చివరికి.

"నాకొద్దు. పొద్దున లేస్తే జనాల తగువులు తీర్చాలి."

"నువ్వు కాకపోతే ఆ పక్కనున్న నక్కమొహంగాడు ఎక్కుతాడు. వాణ్ణి చూస్తే తెలీట్లా?"

"వాడు మంత్రండీ, మంచోడే."

"మా షాపుకి రోజూ వస్తారు అలాంటి మంచోళ్ళు."

ఈలోగా ఆయన ఫోను మోగింది. షాపులో ఎవరో ఎదురుచూస్తున్నారట. "వస్తన్నా, వస్తన్నా. ఇక్కడొకటి తేలాలి," అని పెట్టేసి, కంచం కింద పెట్టి, సోఫా అంచుకి జరిగి కూర్చున్నారు. వాళ్ళిద్దరూ ఇంకో పావుగంట వాదించుకున్నారు. పాప కూడా వచ్చి కిరీటం బావుంది తీసుకో నానమ్మా అంది. అత్తయ్య నిట్టూర్చి నా వైపు తిరిగారు.

"సరే, కూర్చోబెట్టవే. ఒక ఏడాది చేసి చూద్దాం."

నేను బటన్ నొక్కాను.